సవరించిన కొండయాత్రా ప్రణాళిక

తేదీ, స్థలము: వేయుట లేదు.

గౌరవనీయులైన చెల్లెమ్మగారి సముఖమునకు మీ వియ్యంకుడు నమస్కరించి వ్రాయు విన్నపము.

ఇక్కడ మేమిద్దరం కుశలం. అక్కడ మీరిద్దరూ, మా అమ్మాయీ, మీ అబ్బాయీ కుశలమని తలుస్తాను. తేదీ వేయకపోవడం మరపు వల్ల కాదని ముందుగా మనవి. ఈ ఉత్తరం సముద్రం దాటి మీ చేతికి వచ్చేనాటికి తేదీ ఎలాగూ పాతబడుతుంది. పాతబడిన తేదీని చూసి లోపలి విషయం కూడా పాతదే అనుకునేవారు ఉన్నారు. ఇక స్థలం కవరు వెనక ఉన్నదే. ఉన్నదాన్ని మళ్లీ వ్రాస్తే పునరుక్తి. జీవితమంతా పిల్లల పుస్తకాల్లో దాని కింద ఎర్రగీత గీసినవాణ్ణి, ఇప్పుడు నేనే చేయలేను.

ఫోను చేయవచ్చు కదా అంటారేమో. నా చెవులు నాకంటే ముందే ఉద్యోగ విరమణ చేశాయి. ఫోనులో ఎవరు మాట్లాడినా నాకు రైలు వంతెన దాటినట్టు ఉంటుంది. అందుచేత ఉత్తరమే శరణ్యం.

పెళ్లి మీ దేశంలో జరిగినప్పుడు నా భార్య ఉబ్బసం వల్ల మేము రాలేకపోయాము. వియ్యంకులం అయి ఏడాది దాటినా ఒకరి ముఖం ఒకరం ఎదురుగా చూసుకోలేదు. ఇప్పుడు మీరిద్దరూ మొదటిసారి సముద్రం దాటి మా ఇంటికి వస్తున్నారని విని మేము పొందిన ఆనందం వ్రాయనలవి కాదు. పిల్లలకు సెలవు దొరకలేదన్నది ఒక్కటే లోటు.

మా ఊరు కొండల పాదాల దగ్గర ఉంది. గాలి మంచిదని విశ్రాంత జీవితానికి ఈ ఊరు ఎంచుకున్నాము. రెండేళ్ల కిందట ఇక్కడినుంచి కనుమ దాకా కొత్త రోడ్డు తెరిచారు. ఆ దారిన మిమ్మల్ని కారులో తీసుకువెళ్లాలని నా సంకల్పం. ఊరు దాటగానే పండ్లతోటలు, తరవాత దేవదారు అడవి, అడవి నడుమ సరస్సు. సరస్సు దాటాక కొండ చుట్టూ మలుపులు. ఆ మలుపుల చివర కనుమ, కనుమలో ఎండాకాలానికి కూడా కరగని మంచు. కారు నడిపేవాణ్ణి ఊళ్లో అందరూ మౌని అంటారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడడు. అందుకే అతన్ని కుదిర్చాను. ముందు సీటు బావగారిది. ఆకాశాన్నంటే మేడల్లో లిఫ్టులు బిగించిన మనిషికి లోయ బాగా కనిపించే చోటు ఇవ్వడం నా ధర్మం.

నేనింకా ఆ దారిన పైకి వెళ్లలేదు. అయినా చింత లేదు. బడిలో ఏ పాఠమైనా చెప్పే ముందు ఇంట్లో గోడకు ఒకసారి చెప్పి చూసుకునేవాణ్ణి. ఈ యాత్రకు కూడా పూర్వాభ్యాసం చేస్తాను.

చివరగా ఒక మాట. వ్రాయవచ్చునో లేదో తెలియక రెండుసార్లు కలం మూశాను. బావగారు ఒకే ఊళ్లో ఉంటూ ఇంతవరకు మా అమ్మాయి ఇంటి గడప తొక్కలేదట. మోకాలినొప్పి కారణమట. నేను నమ్మాను. నా భార్య మాత్రం మన పిల్ల ఆయనకు నచ్చలేదేమోనని చాటుగా కళ్లు ఒత్తుకుంటున్నది. నలుగురం ఒకే కారులో కూర్చుని ఒకే కొండను చూస్తే ఏ అరమరికలైనా తొలగిపోతాయని నా ఆశ. నిజానికి ఈ యాత్ర అందుకే.

ఇట్లు, 
మీ శ్రేయోభిలాషి, విశ్రాంత ఉపాధ్యాయుడు.


బుధవారం

అన్నయ్యగారికి నమస్కారాలు. వదినగారిని అడిగానని చెప్పండి.

మీ కవరు చూసి కోర్టు కాగితమేమో అనుకుని ముందు గుండె జారింది. అక్షరాలు అంత నిలువుగా నిలబెట్టి ఎలా రాస్తారండీ? నా రాత చూసి నవ్వుకోకండి. నాది కుట్టు దుకాణం బతుకు అని మీకు తెలుసుగా, ఇంటి ముందుగదే దుకాణం. వదులైనవి బిగిస్తాను బిగుతైనవి వదులు చేస్తాను. ఈ రాత కూడా కత్తెర పక్కన పెట్టుకుని రాస్తున్నదే.

పాస్‌పోర్టులు వచ్చాయి. ఫొటోలో ఈయన దొంగలా ఉన్నారు, నేను దొంగని పట్టించినదానిలా ఉన్నా. విమానంలో కిటికీ పక్కన వద్దని ఇప్పుడే చెప్పేశారు.

మీకొక మాట చెప్పాలి. మా ఆయన ఏడాది పైనే అయింది ఇల్లు కదిలి. పొద్దున రేడియో పక్కన కూర్చుంటే భోజనానికి లేస్తారు. మళ్లీ రేడియోనే. పెళ్లికి వెళ్దామా అంటే మోకాలు, పార్కుకి వెళ్దామా అంటే మోకాలు. మీ ఇంటికి వెళ్దామా అన్నప్పుడు మాత్రం రేడియో కట్టేసి సరే అన్నారు. ఆ ఒక్క సరే కోసం నేను ఎంత కాచుకున్నానో ఆ దేవుడికే తెలుసు. అది వెనక్కి పోకుండా చూసుకోవాలి, అంతే నా గొడవ.

అందుకని, కొండ మీదికి అంత దూరం ఎందుకండీ? సరస్సు చాలు. మేం నేల మీద మనుషులం, అడవీ నీళ్లూ చూస్తే మాకదే కడుపు నిండినట్టు. ముందు సీటు కూడా వద్దు. ఈయన వెనక మధ్యలో కూర్చుంటే సుఖంగా ఉంటారు.

కోడలి సంగతి రాశారు. ఆయనకి ఆ పిల్లంటే ప్రాణం. ఇది మాత్రం నా మాట నమ్మండి. మిగతాది కలిసినప్పుడు చెప్తాను.

మీ చెల్లెలు


తేదీ, స్థలము: పూర్వపు కారణములే.

ఆత్మీయులైన చెల్లెమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. ఇంట్లో ఇద్దరం చెరొకసారి చదువుకుని ఆనందించాము. భాష జీవకళతో ఉన్నది. అయితే వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగడానికి చోటు తక్కువ. ఇది విమర్శ కాదు, అలవాటు.

‘సరస్సు చాలు’ అన్నారు. ఆ మాట చదివి మీ సంస్కారానికి చేతులు జోడించాను. అతిథి ‘చాలు’ అన్నప్పుడే గరిటె నిండా వడ్డించాలని మా నాన్నగారు చెప్పేవారు. మొహమాటపడే వాళ్ల చేత ‘ఇంకా కావాలి’ అనిపించడం అసాధ్యం కనుక వడ్డించేవాడే అర్థం చేసుకోవాలి. అందుచేత నేను ప్రణాళికను విస్తరించాను.

ఒకటి: ఆ రోజు సాయంత్రమే తిరిగిరాము. కనుమలో కొత్తగా కట్టిన విశ్రాంతి గృహంలో ఆ పూట ఉంటాము. బావగారికి ఇచ్చే గది వసారా లోయ మీదికి చొచ్చుకుని ఉంటుందట. రెండు: ఆ గృహం పక్కనే గాజు నేల వేసిన ఒక మంటపం కట్టారట. దాని మీద నిలబడి కిందికి చూస్తే పాదాల కింద మబ్బులు కనిపిస్తాయని పత్రికలో వ్రాశారు. లిఫ్టుల మనిషికి ఎత్తంటే పుట్టిల్లు కదా. మూడు: ముందు సీటు వద్దనడం ఆయన వినయం. నేను ఒప్పుకోను.

శనివారం మౌనితో, నా భార్యతో కలిసి పూర్వాభ్యాసానికి వెళుతున్నాను. ఏ మలుపులో ఆగాలి, ఎక్కడ టీ బాగుంటుంది, ఎక్కడ ఫొటో తీయాలి, అన్నీ పరిశీలించి వ్రాస్తాను. మీరు పెట్టె సర్దుకోవడం తప్ప మరే శ్రమా పడనక్కరలేదు.

ఇట్లు, 
వడ్డించే చేయి.


శనివారం

అన్నయ్యగారూ,

ఇక దాచితే లాభం లేదు. నేను ఒకటి తగ్గించమంటే మీరు మూడు పెంచారు. ఇంకోసారి మొహమాటపడితే మమ్మల్ని ఆకాశంలో కూర్చోబెడతారని భయమేసి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

ఆయన మోకాలు నిక్షేపంగా ఉంది. ఆయనకి ఎత్తు పడదు. ముందు ఇలా ఉండేది కాదు. మీరన్నట్టు ఎత్తంటే పుట్టిల్లే. రెండు వానాకాలాల కిందట ఒక మేడలో లిఫ్టు పెట్టె మీద నిలబడి పని చేస్తుంటే అది ఉన్నట్టుండి కిందికి జారింది. ఒక అంతస్తు జారి బ్రేకు పట్టి ఆగిపోయింది. ఆయనకి గోరంత దెబ్బ కూడా తగల్లేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నారు, నవ్వుతూ ఆ సంగతి చెప్పారు. మర్నాడు పనికి వెళ్లి లిఫ్టు గుంత అంచున నిలబడితే కాళ్లు కదల్లేదట. ఆ మర్నాడూ అంతే. తరవాత ఇక వెళ్లలేదు. అప్పుడు మేం ఐదో అంతస్తులో ఉండేవాళ్లం. కిటికీలకి పరదాలు కుట్టి వేసుకుని కొన్నాళ్లు గడిపి, ఆఖరికి ఈ కింది ఇంటికి మారాం.

మీ అమ్మాయిది ఎనిమిదో అంతస్తు అన్నయ్యగారూ. ఒకసారి బయల్దేరారు. కొత్త చొక్కా వేసుకుని, కోడలికని పండ్లు కొని. లిఫ్టు ముందు నిలబడి తలుపు తెరుచుకోవడం మూసుకోవడం చూసి, చూసి, పండ్ల సంచి వాచ్‌మన్‌కి ఇచ్చి వెనక్కొచ్చేశారు. మావయ్యగారు కింది గుమ్మందాకా వచ్చి తనంటే ఇష్టంలేక వెళ్లిపోయారని ఆ పిల్ల అనుకుంది. నాకు చెప్పాలనే ఉంది, ఈయన ఒట్టు పెట్టించుకున్నారు.

ముఖ్యంగా మీకు తెలియకూడదన్నారు. ఎందుకో తెలుసా? “ఆయన మాస్టారు. మనిషిలో తప్పు దొరికితే గీత గీస్తారు” అన్నారు. మీరలాంటి వారు కారని నాకు తెలుసు. మీ ప్రణాళికలో గాజు నేల ఉన్న పేజీ మాత్రం ఆయనకి చూపించలేదు, చదివి నాకే అరికాళ్లు జివ్వుమన్నాయి.

నాకా, మంచు ముట్టుకోవాలని చిన్నప్పటి కోరిక. అది లేకపోయినా బతుకు ఆగదు. ఆయన్ని ఆ రేడియో పక్కనుంచి లేపి నాలుగు చెట్లు చూపిస్తే నాకదే పది కొండలు. దయచేసి ఎత్తు తగ్గించండి, ఎందుకు తగ్గించారో మాత్రం ఆయనకి తెలియనివ్వకండి.

మీ చెల్లెలు


తేదీ, స్థలము: మామూలే.

ప్రియమైన చెల్లెమ్మకు,

మీ ఉత్తరం చదివి కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాను. అద్దాలనే తుడిచానని నా భార్యతో చెప్పాను. ఆమె నమ్మలేదు. పండ్ల సంచి వాచ్‌మన్ చేతిలో పెట్టి వెనుదిరిగిన మనిషి మా పిల్లను ఇష్టపడకపోవడమేమిటి? ఏడాదిగా నా భార్య గుండె మీద ఉన్న బండ దిగిపోయింది. ఆమెకు చెప్పక తప్పలేదు. దయచేసి దీన్ని నమ్మకం తప్పడంగా భావించవద్దు.

‘చాలు’ అన్నప్పుడు చాలు అనే అర్థం చేసుకోవలసిన సందర్భాలు కూడా ఉంటాయని ఇన్నాళ్లకు తెలుసుకున్నాను. విశ్రాంతి గృహం రద్దు చేశాను. గాజు మంటపాన్ని ఇక తలచుకోను కూడా. యాత్ర ఇకమీదట సరస్సు దాకా మాత్రమే.

శనివారంనాటి పూర్వాభ్యాసం సంతృప్తికరంగా జరిగింది. వివరాలు అప్రస్తుతం.

అతిథికి తెలియకుండా అతిథి యాత్రను మార్చడం మర్యాద కాదు కనుక సవరించిన ప్రణాళికను బావగారి పేరిట విడిగా ఒక కాగితం మీద వ్రాసి ఇందులో జతచేశాను. మీ రహస్యాన్ని కంటికి రెప్పలా కాపాడాను. లిఫ్టు మాట గాని, మోకాలి మాట గాని అందులో ఎక్కడా లేదు. కారణం చూపని సవరణ అసంపూర్ణం కనుక ప్రతి మార్పునకూ ఎదురుగా కారణాన్ని మాత్రం క్లుప్తంగా సూచించాను. ఆ కాగితం చూసి ఆయన సంతోషిస్తారని నా విశ్వాసం.

ఇట్లు, 
భారం దిగిన ఆడపిల్ల తండ్రి.


సోమవారం

అన్నయ్యగారికి,

ఆయన సంతోషించారు. ఎంత సంతోషించారంటే మీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా కుట్టుమిషను పెడలు కింద దోపి, టికెట్లు వెనక్కి ఇచ్చెయ్యమన్నారు.

కారణాలు రాయకపోతే కొంప మునిగేదా అండీ? “సరస్సు వద్దనే ఆగుట: పైకి చూచినపుడు సుఖించి, కిందికి చూచినపుడు బాధపడు ప్రయాణికుల సౌకర్యార్థము.” “వెనుక సీటు: లోయ కనబడకుండుటకు.” “మార్గమధ్యమున పట్టుకొనుటకు ఊతకర్ర: ఒకటి.” ఊతకర్ర ఎవరికండీ? లిఫ్టు మాట లేదు, మోకాలి మాట లేదు, సరే. చిన్నపిల్లాడికి కూడా ఊహించడానికి ఇంకేం మిగల్లేదు. ఆయన నా వైపు చూసి ఒక్కటే అడిగారు. “చెప్పేశావా?” అంతే. 

అదొక్కటే అయితే మీ చాదస్తం అని సర్దుకునేదాన్ని. ఇంకోటి జరిగింది. నిన్న కోడలు నా దుకాణంలోనే కూర్చుని వాళ్లమ్మతో ఫోనులో మాట్లాడుతోంది. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నేను లోపలికి రాగానే కొండలనీ భయమనీ ఏదో అంటున్నది గబుక్కున ఆపేసింది. ఏంటని అడిగితే ఏం లేదత్తయ్యా అంది. ఈయన పక్కగదిలోనే ఉన్నారు, విన్నారు. మా ఇంటి బాధ మీ ఇంటి నవ్వైందా అన్నయ్యగారూ? నేను నమ్మి రాసింది అందుకా?

ఇప్పుడు ఆయన మాట ఇది. వస్తే కనుమ దాకా వెళ్తారట, ముందు సీట్లోనే కూర్చుంటారట, ఆ గాజు నేల సంగతి కూడా ఎలాగో తెలిసింది, దాని మీద కూడా నిలబడతారట. లేదంటే రానే రారట. తీసుకెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. తీసుకెళ్లకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. మళ్లీ రేడియో పెట్టారు. ఈసారి చప్పుడు పెంచారు.

వియ్యపురాలు


తేదీ వేయు స్థితిలో లేను.

చెల్లెమ్మా,

మీరు ‘మీ చెల్లెలు’ అని కాక ‘వియ్యపురాలు’ అని సంతకం చేశారు. దానికి నేను అర్హుణ్ణే. కారణాలు వ్రాయకుండా ఉండవలసింది.

కానీ ఒక్క విషయంలో పొరబడ్డారు. ఆ నవ్వు బావగారిని గురించి కాదు. దేవుడి సాక్షిగా కాదు. అది నన్ను గురించి. మా ఆవిడ చెప్పినది నా సంగతి, మా అమ్మాయి నవ్వినది నన్ను తలచుకుని. శనివారం పూర్వాభ్యాసంలో బావగారికి ఏ ఇబ్బంది ఉన్నదో అదే ఇబ్బంది నాకూ ఉన్నదని, బహుశా మరికాస్త ఎక్కువే ఉన్నదని బయటపడింది. ఊతకర్ర కూడా నాకోసమే. అంతకు మించి వ్రాయడానికి నా కలం ఒప్పుకోవడం లేదు.

ఈ సంగతి మీలోనే ఉంచుకుని, ఈ ఉత్తరం చదవగానే చింపివేయండి. పాత విద్యార్థులు మీ ఊళ్లో కూడా ఉన్నారు.

ఇట్లు, 
మీ అన్న, మీరు ఒప్పుకుంటే.


గురువారం

అన్నయ్యగారూ,

ఒప్పుకున్నాను. ఆ రోజు కోపంలో సంతకం మార్చేశాను, మనసులో పెట్టుకోకండి. మీ ఉత్తరం చదివి దుకాణంలో ఒక్కదాన్నే కూర్చుని ఊపిరి పీల్చుకున్నా. ఎన్నాళ్లకో.

చింపమన్నారని చింపేశాను. అదే తప్పైంది. మీలోనే ఉంచుకోమన్నారు, ఉంచుకోలేకపోయాను. అది రెండో తప్పు. భోజనాల దగ్గర ఆయనతో చెప్పేశా. ఆయన ముద్ద మింగి నీళ్లు తాగి ఏమన్నారో తెలుసా?

“మాస్టార్లకి పాఠం కోసం ఉదాహరణలు అల్లడం అలవాటే. నన్ను బుజ్జగించడానికి ఆయన ఒకటి అల్లాడు, నువ్వు దానికి అంచు కుట్టావు.”

ఉత్తరం ఏదీ అన్నారు. చింపేశానంటే, “చూశావా మరి” అన్నారు. నేనెక్కడికి పోను?

సాయంత్రం కోడలు వచ్చింది. వాళ్లమ్మ చెప్పినట్టుంది, అన్నీ తెలిసే వచ్చింది. సరాసరి ఆయన ముందు కూర్చుని రేడియో చప్పుడు తగ్గించింది. నేను ఎప్పుడూ అంత ధైర్యం చెయ్యలేదు.

“మావయ్యగారూ, పండ్లు వాచ్‌మన్ చేతికి ఇచ్చినరోజు నేను తలుపు తీసుకుని ఎదురుచూశాను. నన్ను వద్దనుకున్నారనుకుని ఏడాది ఏడ్చాను. ఎనిమిదో అంతస్తని ఒక్క మాట చెప్తే పోయేదిగా. మీరు పైకి రాకపోతే ఏంటి, మేం కిందికి దిగలేమా?”

ఆయన తల వంచుకున్నారు. “టీ తాగుతావా అమ్మా” అన్నారు. లేచి వంటింట్లోకి ఆయనే వెళ్లారు అన్నయ్యగారూ. టీలో పంచదార వెయ్యడం మర్చిపోయారు, ఆ పిల్ల బాగుందంటూ తాగేసింది.

ఇక మీ సంగతి. పడుకునే ముందు అన్నారు. “మీ అన్నయ్య నిజంగానే నాలాంటివాడైతే తన చేత్తో రాయమను. ఏం జరిగిందో జరిగినట్టు. నమ్మకం కుదిరితే నా పెట్టె నేనే సర్దుకుంటా, సరస్సు దాకానే వస్తా.” మీకెంత కష్టమో నాకు తెలుసు. అడగకూడదు. అయినా అడుగుతున్నా. విమానానికి ఎక్కువ రోజుల్లేవు.

మీ చెల్లెలు


తేదీ, స్థలము: వేసినా వేయకపోయినా ఒకటే, విషయం నాది, చేతిరాత నాది.

చెల్లెమ్మకు, అంతకంటే ముఖ్యంగా బావగారికి, నమస్కారములు.

జరిగింది జరిగినట్టు వ్రాస్తున్నాను. అలంకారాలు లేవు.

శనివారం ఉదయం మౌని కారు తెచ్చాడు. లోయ ఎలా కనిపిస్తుందో అతిథి కళ్లతో చూడాలని నేనే ముందు సీట్లో కూర్చున్నాను. నా భార్య వెనక. తోటలు బాగున్నాయి. అడవి బాగుంది. సరస్సు దగ్గర దిగి, ఇక్కడ ఒక పావుగంట ఆగవచ్చునని గొప్పగా చెప్పాను. తరవాత మలుపులు మొదలయ్యాయి. మొదటి మలుపులో కొండ నా వైపు ఉంది కనుక మాట్లాడుతూనే ఉన్నాను. రెండో మలుపులో కొండ అటు వెళ్లిపోయింది. నా వైపు ఏమీ లేదు. ఏమీ లేదు బావగారూ. రోడ్డు అంచు, ఆ తరవాత గాలి. ఆ గాలి అడుగున దారప్పోగులా ఏదో మెరిసింది. నది అని తరవాత చెప్పారు.

మూడో మలుపులో కారు వంపు తిరగడానికి బదులు ఆకాశంలోకి వెళుతున్నట్టు అనిపించింది. నేను అరవలేదు. అరవడానికి నోరు తెరుచుకోలేదు. ఏదో గట్టిదాన్ని పట్టుకున్నానని మాత్రం తెలుసు. అప్పుడు ఊరంతా మూగవాడనుకునే మౌని నోరు విప్పాడు.

“మాస్టారూ, నా చెయ్యి వదలండి. స్టీరింగు తిప్పాలి.”

వదలడానికి నా భార్య సాయం చేయవలసి వచ్చింది. ఆ మలుపులో ఒక టీకొట్టు ఉంది. నన్ను దింపారు. నేను కొండకు వీపు ఆనించి నేల మీద చతికిలబడి, పైకీ రాను, కిందికీ రాను, ప్రభుత్వం మరో రోడ్డు వేసేదాకా ఇక్కడే ఉంటానని ప్రకటించాను. టీకొట్టు ఆమె నన్ను చూసి ఆశ్చర్యపడలేదు. ఒక పీట వేసి, రోడ్డుకు వీపు పెట్టి కూర్చోమని, నాలాంటివాళ్లు రోజూ ఎవరో ఒకరు వస్తారని చెప్పింది. ఆ మాట ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. నేను ప్రపంచంలో ఒంటరివాణ్ణి కాను, ఆ పీట అరిగి ఉంది.

నా భార్య నన్ను అక్కడ వదిలి మౌనితో కనుమ దాకా వెళ్లి వచ్చింది. ఆ కొండగాలికి ఉబ్బసం కూడా భయపడి పారిపోయిందేమో, బుగ్గలు ఎర్రబడి, కొంగు తడిసి, ఇరవై ఏళ్లు చిన్నదై దిగింది. కొంగులో నాకోసం మంచు మూటకట్టి తెచ్చిందట, దారిలో కరిగిపోయింది.

దిగేటప్పుడు నేను వెనక సీట్లో ఆమె ఒడిలో తల పెట్టుకుని, ముఖం మీద శాలువా కప్పించుకుని పడుకున్నాను. భయం తెలియకుండా ఉండటానికి పైకే విభక్తులు వల్లించాను. డుమువులు ప్రథమా విభక్తి. అలా మొదలుపెట్టి వెళుతుంటే, షష్ఠి వదిలేసి సప్తమికి వెళ్లిపోయారని ఆమె శాలువా మీదనుంచే దిద్దింది. జీవితంలో నాకు పడిన మొదటి ఎర్రగీత అది. ఆ తరవాత మౌని భుజాలు ఊరు వచ్చేదాకా అదురుతూనే ఉన్నాయి. అతను నవ్వుతున్నాడని ఊరు వచ్చాక తెలిసింది. మా అమ్మాయి ఫోనులో నవ్వినది దీనికి. ఆమెను తప్పుపట్టకండి. ఇప్పుడు వ్రాస్తూ ఉంటే నాకే వస్తున్నది.

బావగారూ, మీకు కారణం ఉంది. మీ కింద నేల నిజంగానే జారింది. నాకు ఆ గౌరవం కూడా లేదు. నా కింద రోడ్డు నిక్షేపంగా ఉంది. గీత గీస్తానని భయపడ్డారట. గీయవలసింది ఎక్కడో ఇప్పుడు మీకు తెలిసింది కనుక ఎర్రసిరా సీసా మీకే పంపుతాను.

ఇక ప్రణాళిక. ఇది చివరి సవరణ, దీనికి కారణాలు వ్రాయను. నలుగురం సరస్సు దాకా కలిసి వెళతాము. అక్కడినుంచి చెల్లెమ్మా, నా భార్యా మౌనితో కనుమకు వెళ్లి వస్తారు. చెల్లెమ్మ ముందు సీట్లో కూర్చుంటారు, మంచును తనివితీరా ముట్టుకుంటారు. మీరూ నేనూ సరస్సు ఒడ్డున బల్ల మీద కూర్చుంటాము. నేను ఒక్కణ్ణే కూర్చుంటే ఆడవాళ్ల సంచులకు కాపలా అంటారు. ఇద్దరం కూర్చుంటే విశ్రాంతి అంటారు. నాకు మీ తోడు కావాలి. ఇది మొహమాటం మాట కాదు, మర్యాద మాట కాదు. మీరు రాకపోతే నేను సరస్సు దాకా కూడా వెళ్లలేనేమోనని నిజంగా అనుమానంగా ఉంది.

ఇది వ్రాయడానికి కూర్చున్నప్పుడు సిగ్గుగా ఉంది. ఇప్పుడు, బిగుతు చొక్కా విప్పి గాలికి నిలబడ్డట్టు ఉంది. ఇంత తేలికని ఎవరూ ముందే చెప్పలేదు.

చెల్లెమ్మా, దీన్ని దాచవద్దు, చింపవద్దు. పిల్లలిద్దరినీ కిందికి పిలిపించి, దుకాణం ముందుగదిలో అందరూ ఉండగా, బావగారికి వినిపించేలా గట్టిగా చదవండి. నవ్వు వచ్చినచోట ఆపండి. ఆయన నవ్వడం పూర్తయ్యాక తక్కినది చదవండి.